ఒకే పుండుకు మూడు పేర్లు: నర్సింగ్ రికార్డులో ప్రామాణిక పదాలను అలవాటు చేసుకోవడం ఎలా

పక్షవాతం వచ్చి పది రోజులుగా మంచం మీద ఉన్న ఒక పెద్దావిడ కేస్ షీట్‌ను ఊహించుకోండి. ఉదయం డ్యూటీలో ఉన్న సిస్టర్ ఆమె నడుము కింది భాగం చూసి ‘రెడ్‌నెస్ సీన్’ అని రాశారు. మధ్యాహ్నం వచ్చిన సిస్టర్ అదే చోటు చూసి ‘బెడ్‌సోర్ ప్రెజెంట్, డ్రెస్సింగ్ డన్’ అని రాశారు. రాత్రి నోట్స్‌లో ‘స్కిన్ పీల్డ్, డాక్టర్ ఇన్ఫార్మ్‌డ్’ అని ఉంది. ముగ్గురూ తమ కళ్ళతో చూసిందే రాశారు. అయినా మర్నాడు రౌండ్స్‌కు వచ్చిన ఫిజీషియన్ పుండు పెరిగిందా, తగ్గిందా అని అడిగితే ఆ మూడు నోట్స్‌నూ పక్కపక్కన పెట్టుకుని చదివినా జవాబు దొరకదు, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కొక్క కొలతతో చూశారు, ఆ కొలత ఏమిటో ఎవరూ రాయలేదు.

ప్రామాణిక పదం అంటే అందమైన ఇంగ్లీషు పదం కాదు. దాని నిర్వచనం ముందే రాసి ఉంటుంది, ఏ లక్షణం కనిపిస్తే ఆ పదం వాడాలో, ఏది కనిపించకపోతే వాడకూడదో అందరూ ఒప్పుకుని ఉంటారు. ఈ ఒప్పందం ఉన్నచోట డ్యూటీ మారినా మాట మారదు. ఇందులో కొత్త ఆలోచన ఏమీ లేదు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక ప్రతిపాదన పంపారు. ఆసుపత్రులన్నీ ఒకే రకమైన పట్టికలో, ఒకే రకమైన పేర్లతో లెక్కలు రాయాలన్నది దాని సారాంశం. ఆ పని మన వార్డులో ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను. స్టాఫ్ నర్సులను, వార్డు ఇన్‌చార్జిలను, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరాల విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాశాను.

మొదటి పని: మీ పాత నోట్స్ మీరే చదవండి

కొత్త పదాలు నేర్చుకునే ముందు, ఇప్పుడు మీ వార్డులో ఏ పదాలు నడుస్తున్నాయో తెలుసుకోవాలి. నర్సింగ్ సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని, డిశ్చార్జ్ అయిన ఒక పది మంది కేస్ షీట్లు తెప్పించుకుని, నర్సుల నోట్స్ మాత్రమే మొదటి నుంచి చివరి దాకా చదవండి. డాక్టరు నోట్స్, ల్యాబ్ రిపోర్టులు చూడవద్దు. నర్సుల నోట్స్ ఒక్కటే చదివి ఈ రోగికి ఏమి ఇబ్బంది ఉండింది, మనం ఏమి చేశాం, దానివల్ల ఏమి మారింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలరేమో ప్రయత్నించండి.

చాలా చోట్ల మీకు ఎదురయ్యే వాక్యాలు నేను ముందే చెప్పగలను. ‘జనరల్ కండిషన్ ఫెయిర్’, ‘వైటల్స్ స్టేబుల్’, ‘నో ఫ్రెష్ కంప్లైంట్స్’, ‘స్లెప్ట్ వెల్’, ‘మెడికేషన్స్ గివెన్ యాజ్ పర్ ఆర్డర్’. నేనూ ఏళ్ళ తరబడి ఇవే రాశాను, కాబట్టి ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయితే పదేళ్ళ తరువాత నా చేతిరాతే నాకు చూపిస్తే, ఆ ‘ఫెయిర్’ అన్న రోగి కూర్చోగలిగారో లేదో, అన్నం తిన్నారో లేదో నేను చెప్పలేను. మెడికో లీగల్ కేసుల్లో ఆ షీటు ఎప్పుడో కొన్నేళ్ళకు మరొకరి ముందుకు వెళ్తుంది. అప్పుడు దానికి అర్థం చెప్పడానికి మనం పక్కన ఉండం.

ఇలా దొరికిన అస్పష్టమైన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి మాట ఎదుటా, అది రాసిన సిస్టర్‌ను అడిగి, ఆమె ఉద్దేశం ఏమిటో రాయండి. ఒకే మాటకు ముగ్గురు మూడు అర్థాలు చెబితే మార్చాల్సిన మొదటి మాట అదే.

రెండో పని: చేతిలో ఉన్న కొలబద్దలను పూర్తిగా వాడండి

చాలామంది ప్రామాణిక పదజాలం అనగానే లావుపాటి పుస్తకాలు, కోడ్ నంబర్లు అనుకుని వెనక్కి తగ్గుతారు. నిజానికి మన వార్డులో ఇప్పటికే నాలుగైదు ప్రామాణిక కొలతలు ఉన్నాయి, మనం వాటిని సగం మాత్రమే వాడుతున్నాం.

స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ (జీసీఎస్) తీసుకోండి. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ దీన్ని ప్రచురించడానికి కారణం సరిగ్గా ఈ ఇబ్బందే. ‘డ్రౌజీ’, ‘స్టూపరస్’, ‘సెమీకాన్షస్’ అన్న మాటలను ఒక్కో ఆసుపత్రి ఒక్కో రకంగా వాడేది. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఇక్కడ మనం చేసే పొరపాటు మొత్తం అంకె ఒక్కటే రాసి వదిలేయడం. ‘జీసీఎస్ 12’ అని రాస్తే కళ్ళు తగ్గాయో, మాట తగ్గిందో, కదలిక తగ్గిందో తెలియదు. ‘ఈ3 వీ3 ఎం6’ అని మూడు భాగాలూ విడిగా రాయండి (ఈ అంటే కళ్ళు, వీ అంటే మాట, ఎం అంటే కదలిక). రెండు గంటల తరువాత అది ‘ఈ3 వీ4 ఎం5’ అయితే మొత్తం 12గానే ఉంటుంది, కానీ కదలిక పడిపోయింది. డాక్టరును నిద్ర లేపాల్సిన మార్పు అది. శ్వాస గొట్టం వేసి ఉన్న రోగికి మాట పరీక్షించలేం కాబట్టి అక్కడ అంకెకు బదులు ‘టీ’ అని రాయండి, ఊహించి అంకె వేయవద్దు.

ఇక మొదట చెప్పుకున్న పుండు సంగతి. ఈ విషయంలో పదాలు చాలా స్పష్టంగా ఉన్నాయి, కొంచెం ఓపికగా నేర్చుకుంటే వారం రోజుల్లో చేతికి వస్తాయి. 2016లో అమెరికాలోని నిపుణుల సలహా మండలి ‘ప్రెషర్ అల్సర్’ అన్న మాటను ‘ప్రెషర్ ఇంజురీ’గా మార్చింది, ఎందుకంటే మొదటి దశలో చర్మం తెగదు, పుండు ఉండదు, అయినా గాయం ఉంటుంది. స్టేజ్ 1 అంటే చర్మం చెక్కుచెదరకుండా ఉండి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడని ఎరుపు. స్టేజ్ 2 అంటే పై చర్మం పోయి లోపలి పొర బయటపడటం, లేదా నీటి పొక్కు. స్టేజ్ 3లో చర్మం పూర్తి మందం పోయి కొవ్వు కనిపిస్తుంది. స్టేజ్ 4లో కండరం, స్నాయువు లేదా ఎముక దాకా వెళ్తుంది. మీద పసుపు పచ్చని లేదా నల్లని పొర కప్పేసి అడుగు కనిపించకపోతే ‘అన్‌స్టేజబుల్’ అని రాయాలి, అంచనాతో 3 అనో 4 అనో రాయకూడదు. చర్మం తెగకుండానే లోపల ముదురు ఊదారంగులోకి మారితే దానికి ‘డీప్ టిష్యూ ప్రెషర్ ఇంజురీ’ అని వేరే పేరు ఉంది.

మన దగ్గర మరొక జాగ్రత్త అవసరం. నల్లని చర్మం మీద ఎరుపు కనిపించకపోవచ్చు. ‘రెడ్‌నెస్ లేదు’ అని రాసి పక్కకు వెళ్ళిపోతే స్టేజ్ 1 తప్పిపోతుంది. వేళ్ళతో తాకి చూడండి. చుట్టూ ఉన్న చోటుకంటే వేడిగా లేదా చల్లగా ఉందా, గట్టిగా లేదా మెత్తగా ఉందా, అక్కడ నొప్పి అంటున్నారా అన్నది చూసి అదే రాయండి. ఇంకొక సంగతి, మానుతున్న స్టేజ్ 3 గాయాన్ని వారం తరువాత స్టేజ్ 2 అని రాయకూడదు. పోయిన కండరం, కొవ్వు తిరిగి రావు, అక్కడ పెరిగేది మచ్చ కణజాలం. కాబట్టి ‘మానుతున్న స్టేజ్ 3’ అని, పక్కన పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాయండి.

గాయం రాకముందే ప్రమాదాన్ని కొలవడానికి 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ప్రచురించిన బ్రేడెన్ స్కేల్ ఉంది. ఇంద్రియ స్పర్శ, తడి, నడక, కదలిక, పోషణ, రాపిడి అన్న ఆరు అంశాలు, మొత్తం 6 నుంచి 23 దాకా. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ, 18కి దిగితే జాగ్రత్త మొదలుపెట్టాలి. నొప్పికి 0 నుంచి 10 స్కేలు మీకు తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను. అంకె ఒక్కటే కాకుండా కదిలినప్పుడా, పడుకున్నప్పుడా అన్నది కూడా రాయండి, అంతే.

మూడో పని: సమస్యకు, పనికి, ఫలితానికి వేర్వేరు పేర్లు పెట్టండి

స్కేళ్ళు చేతికి వచ్చాక అసలు నర్సింగ్ పదజాలంలోకి రావచ్చు. మూడు ప్రశ్నలకు మూడు పదజాలాలు ఉన్నాయి. రోగి సమస్య ఏమిటి అన్నదానికి నాండా. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో క్రిస్టీన్ గెబ్బీ, మేరీ ఆన్ లావిన్ పిలిచిన మొదటి సమావేశంతో ఆ పని మొదలైంది. మనం ఏమి చేశాం అన్నదానికి ఎన్ఐసీ, 1992లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఏమి మారింది అన్నదానికి ఎన్ఓసీ, అక్కడి నుంచే 1997లో వచ్చింది. ఇంటింటికీ తిరిగే కమ్యూనిటీ నర్సులకైతే ఒమాహా పద్ధతి సులువు. అందులో ఇంటి పరిసరాలు, మానసిక సామాజిక స్థితి, శరీరం, ఆరోగ్య అలవాట్లు అన్న నాలుగు విభాగాల కింద 42 సమస్యలు ఉన్నాయి, ప్రతి సమస్యకూ రోగి తెలివిడిని, ప్రవర్తనను, స్థితిని 1 నుంచి 5 దాకా కొలుస్తారు. దానికి లైసెన్సు కూడా అక్కరలేదు. పల్లె దవాఖానాల్లో పనిచేసేవాళ్ళు ఒకసారి చూడదగ్గది.

వందల పేర్లు ఉన్న పుస్తకాన్ని వార్డులో పెట్టి రేపటి నుంచి వాడండి అంటే ఎవరూ వాడరు. మీ వార్డులో ఎక్కువగా వచ్చే పది సమస్యలు ఎంచుకోండి. మెడికల్ వార్డుకు నేనైతే ఊపిరి మార్గం శుభ్రం కాకపోవడం, తీవ్రమైన నొప్పి, పడిపోయే ప్రమాదం, చర్మం దెబ్బతినడం, శరీరంలో నీరు ఎక్కువ కావడం, జ్వరం, సొంత పనులు చేసుకోలేకపోవడం, మలబద్ధకం, ఆందోళన, మందుల గురించి తెలియకపోవడం అన్న పదింటితో మొదలుపెడతాను. ప్రతిదానికి అచ్చులో ఉన్న ప్రామాణిక పేరు, కింద తెలుగులో రెండు వాక్యాల నిర్వచనం, ఏమి కనిపిస్తే ఈ పేరు వాడాలి అన్న మూడు నాలుగు లక్షణాలు రాసి, ఒక అట్ట మీద నర్సుల స్టేషన్‌లో పెట్టండి. ఆ అట్ట మీ సూపరింటెండెంట్ సంతకంతో, తేదీతో ఉండాలి. పుస్తకం కొత్త ముద్రణల్లో కొన్ని పేర్లు మారుతుంటాయి కాబట్టి ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో కూడా రాయండి.

ఇప్పుడు ఆ పెద్దావిడ నోట్స్ మళ్ళీ రాద్దాం. డాక్టరు రాసిన జబ్బు పేరు మనకు సమస్య కాదు, పక్షవాతం మనం మాన్పేది కాదు. మన సమస్య ‘ఇంపెయిర్డ్ స్కిన్ ఇంటెగ్రిటీ’. దానికి కారణం, కుడి పక్క కదపలేకపోవడం వల్ల త్రికాస్థి (నడుము కింది ఎముక) మీద తగ్గని ఒత్తిడి. ఆధారం, త్రికాస్థి మీద స్టేజ్ 2 ప్రెషర్ ఇంజురీ, 3 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, అడుగు గులాబీ రంగు, చీము లేదు, బ్రేడెన్ 12. సమస్య, కారణం, ఆధారం అన్న ఈ మూడు ముక్కల వరుసను తప్పకండి. పని దగ్గర ‘పొజిషన్ ఛేంజ్‌డ్’ అని కాకుండా ‘పొజిషనింగ్: 10 గంటలకు 30 డిగ్రీల వాలుతో ఎడమ పక్కకు, 12 గంటలకు కుడి పక్కకు, మడమలు దిండుతో పైకి’ అని రాయండి. ఫలితానికి ఎన్ఓసీలో 1 నుంచి 5 దాకా అంకెలు ఉంటాయి. 1 అంటే బాగా దెబ్బతిన్నది, 5 అంటే దెబ్బ లేనిది. ఈ రోజు 3, వారానికి 4 కావాలి అని రాస్తే, వారం తరువాత వచ్చే సిస్టర్‌కు తాను ఏమి చూడాలో తెలుస్తుంది. కారణం అన్న ముక్కను చాలామంది వదిలేస్తారు. కారణం రాయకపోతే పని ఎందుకు చేస్తున్నామో తెలియదు, డ్రెస్సింగ్ మార్చడంతో సరిపెడతారు, పక్క మార్చడం మరిచిపోతారు.

ఇంకా గాయం రాని రోగికి ‘రిస్క్’ అన్న పేరుతో రాసేటప్పుడు ఆధారం దగ్గర లక్షణాలు ఉండవు, ప్రమాద కారకాలే ఉంటాయి. లక్షణం కనిపించాక కూడా ‘రిస్క్’ అని రాయడం తప్పు, నేను తరచుగా చూసే తప్పు.

నాలుగో పని: రోగి మాటను పోగొట్టకండి

ఈ విషయం గురించి విదేశీ పుస్తకాల్లో పెద్దగా ఉండదు, మనకు మాత్రం రోజూ ఉండేది. రోగి తెలుగులో చెబుతారు, నోట్స్ ఇంగ్లీషులో పడతాయి, మధ్యలో అనువాదం చేసేది మనం. ఆ అనువాదం తొందరలో జరిగితే ఎంత మంచి ప్రామాణిక పదమైనా తప్పు చోట పడుతుంది.

‘కళ్ళు తిరుగుతున్నాయమ్మా’ అన్న మాటకు మనం వెంటనే ‘గిడ్డీనెస్’ అని రాస్తాం. మంచం, గోడలు గిర్రున తిరుగుతున్నట్టు ఉందా, లేచి నిలబడగానే చీకట్లు కమ్మి పడిపోబోయినట్టు ఉందా, నడిస్తే తూలుతున్నట్టు ఉందా అని అడగండి. మొదటిది వర్టిగో. రెండోది అయితే పడుకున్నప్పుడు బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు మళ్ళీ చూడండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే అది ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్, పడిపోయే ప్రమాదం జాబితాలో ఆ రోగి పేరు అప్పుడే చేరాలి.

‘గ్యాస్ పట్టేసింది సిస్టర్’ అన్న మాట ఇంకా జాగ్రత్తగా వినాలి. దాన్ని ‘గ్యాస్ట్రైటిస్’ అని రాస్తే మనం డయాగ్నోసిస్ చేసేసినట్టే. రోగి మాటను అలాగే కొటేషన్‌లో పెట్టి, చెయ్యి ఎక్కడ పెట్టి చూపించారో, ఎడమ భుజానికో దవడకో పాకుతోందో, చెమట పట్టిందో, ఎప్పటి నుంచో రాసి, వెంటనే డాక్టరుకు చెప్పండి. కృష్ణా జిల్లా పెద్దాయన ‘ఆయాసం’ అంటే, వరంగల్ వైపు అమ్మ ‘దమ్ము వస్తోంది’ అంటుంది. రెండింటికీ నోట్స్‌లో ఒకే ప్రామాణిక పేరు, పక్కన శ్వాసల సంఖ్య, ఆక్సిజన్ శాతం ఉండాలి. ‘గాబరా’ అన్నది గుండె దడ కావచ్చు, భయం కావచ్చు, షుగర్ పడిపోవడం కూడా కావచ్చు. నాడి, గ్లూకోమీటర్ చూడకుండా ‘యాంగ్జైటీ’ అని రాయవద్దు.

నొప్పికి తెలుగులో ఉన్నన్ని మాటలు మన ఫారాల్లో లేవు. పోటు, సలుపు, మంట, గుంజడం, తీపు, పీకడం. ఇవి ఊరికే పుట్టిన మాటలు కావు. సలుపు అంటే కొట్టుకుంటున్నట్టు ఉండే నొప్పి, పోటు అంటే పొడిచినట్టు ఉండేది, మంట తరచుగా నరాల నొప్పికి గుర్తు. మీ వార్డు అట్ట వెనక ఇలాంటి మాటలు, వాటికి వాడవలసిన ప్రామాణిక పదాలు రాసి పెట్టండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి మన ఆసుపత్రుల్లో పనిచేస్తున్న సిస్టర్లకు అది అన్నిటికంటే ముందు ఉపయోగపడుతుంది.

ఐదో పని: పొట్టి రాతలు, అంకెలు

ఇక్కడ చర్చ అక్కరలేదు, నియమాలు అలవాటు చేసుకుంటే చాలు. అమెరికాలో ఆసుపత్రుల గుర్తింపు చూసే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొట్టి రాతల జాబితా ఇచ్చింది. అది మనకూ పనికొస్తుంది. ఇన్సులిన్ దగ్గర ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయండి. ఒక్క ‘యు’ అక్షరం చేతిరాతలో సున్నాలా కనిపించి 4 కాస్తా 40 అవుతుంది. మన దగ్గర మి.లీ.కు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల సీసాలు రెండూ నడుస్తాయి కాబట్టి ఏ బలమో, ఏ సిరంజితో ఇచ్చారో కూడా రాయాలి. పూర్ణాంకం తరువాత చుక్క, సున్నా వేయవద్దు, 1.0 అన్నది 10 అవుతుంది. అర మి.గ్రా. రాసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి, 0.5 అని రాయండి. ‘ఎంఎస్’ అంటే మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా అన్నది రాసినవాళ్ళకే తెలుస్తుంది, కాబట్టి మందు పేరు పూర్తిగా రాయండి. రోజుకొకసారి అన్నదాన్ని ‘క్యూడీ’ అని రెండక్షరాలతో రాస్తే రోజుకు నాలుగుసార్లని చదివే ప్రమాదం ఉంది.

ఆరో పని: హ్యాండోవర్‌లో అవే పేర్లు పలకండి

షీట్‌లో ఒక భాష, నోటితో ఇంకో భాష అయితే అట్ట గోడకే మిగులుతుంది. మంచం పక్కన నిలబడి హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు ‘ఆ బెడ్‌సోర్ పేషెంట్’ అనకుండా ‘12వ మంచం, స్టేజ్ 2, 3 బై 2, నిన్నటికి మార్పు లేదు, చివరిసారి 12 గంటలకు కుడి పక్కకు’ అని చెప్పండి. తీసుకునే సిస్టర్ ఇచ్చే సిస్టర్‌తో కలిసి గాయాన్ని ఒకసారి చూడాలి. ఇద్దరూ స్టేజ్ విషయంలో ఒప్పుకోకపోతే అక్కడే నిర్వచనం చదివి తేల్చుకోండి. మొదటి నెల ఈ వాదనలు చాలా వస్తాయి, అందరూ ఒకే చూపుతో చూడటం నేర్చుకునేది వాటితోనే. కాబట్టి విసుక్కోకండి.

కంప్యూటర్ రికార్డు ఉన్న ఆసుపత్రుల్లో ఒక హెచ్చరిక చెప్పాలి. డ్రాప్‌డౌన్ జాబితాలో మొదట కనిపించిన పేరు నొక్కేసి ముందుకు వెళ్ళడం, నిన్నటి నోట్స్‌ను ఈ రోజుకు కాపీ చేయడం చేతిరాత కంటే ప్రమాదకరం, ఎందుకంటే అచ్చులో ఉన్న తప్పు నిజంలా కనిపిస్తుంది. జాబితాలో సరిపోయే పేరు లేకపోతే ఒక వాక్యం స్వేచ్ఛగా రాయడానికి వెనుకాడకండి, ప్రామాణిక పదం వాక్యాన్ని మింగేయడానికి రాలేదు. కంప్యూటర్ రికార్డుల కోసం తయారైన అంతర్జాతీయ వైద్య పదజాలం స్నోమెడ్ సీటీలో భారతదేశం 2014లో సభ్య దేశమైంది, 2016 నాటి జాతీయ ఎలక్ట్రానిక్ రికార్డు ప్రమాణాలు దాన్నే సిఫారసు చేశాయి. అంతర్జాతీయ నర్సుల మండలి తయారుచేసిన ఐసీఎన్‌పీ పదాలు 2021 నుంచి స్నోమెడ్ లోపలే ఉన్నాయి. అందువల్ల మీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కొంటున్నప్పుడు నర్సింగ్ పదాలు ఏ పదజాలం నుంచి తీసుకున్నారు అని అడిగే హక్కు మీకు ఉంది. నాండా పదాలను సాఫ్ట్‌వేర్‌లో వాడాలంటే లైసెన్సు కావాలి, ఆ ప్రశ్న కూడా అప్పుడే అడగండి.

ఏడో పని: నెలకొకసారి లెక్క చూడండి

నెలాఖరున ఇరవై కేస్ షీట్లు తీసి నాలుగే విషయాలు చూడండి. సమస్యకు అట్ట మీది పేరు వాడారా, కారణం, ఆధారం రాశారా, చేసిన పనికి సమయం ఉందా, ఫలితం అంకెలో ఉందా. ఎవరి షీటో పేరు చెప్పకుండా వార్డు మీటింగులో సంఖ్యలు మాత్రమే చెప్పండి. నోట్స్ బాగా లేవని ఒక సిస్టర్‌ను అందరి ముందు మందలించిన చోట, తరువాతి నెల నుంచి అందరూ ఒకరినొకరు చూసి రాయడం మొదలుపెట్టడం నేను చూశాను.

ఈ లెక్కలు పైకి పంపేటప్పుడు స్టాఫ్ కొరత సంగతి కూడా వాటితోనే చెప్పవచ్చు. ‘పని ఎక్కువగా ఉంది’ అన్న ఫిర్యాదుకు దొరకని జవాబు, రెండు గంటలకోసారి పక్క మార్చవలసిన రోగులు ఎంతమంది, అందులో ఎంతమందికి సమయానికి మార్చగలిగాం అన్న పట్టికకు కొన్నిసార్లు దొరుకుతుంది.

చివరిగా ఒక్క మాట సూపరింటెండెంట్‌కు ముందే చెప్పి ఉంచండి. మొదటి రెండు మూడు నెలల్లో మీ వార్డులో ప్రెషర్ ఇంజురీలు, పడిపోయే ప్రమాదం ఉన్న రోగులు ఒక్కసారిగా పెరిగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. అవి పెరిగి ఉండవు, ఇన్నాళ్ళూ ‘రెడ్‌నెస్ సీన్’ అన్న మాట వెనక లెక్కలోకి రాకుండా ఉండిపోయి ఉంటాయి. ఈ సంగతి ముందే తెలియకపోతే ఆ సంఖ్య చూసి మీ వార్డుకు మెమో వచ్చే అవకాశం ఉంది, దానితో స్టాఫ్ మళ్ళీ ‘కండిషన్ ఫెయిర్’కే తిరిగి వెళ్ళిపోతారు.